విప్పిన కురులు, చెక్కిన వెంట్రుకలు

(చిత్రకళాభిమానుల సమావేశంలో తెర మీద బొమ్మలు చూపిస్తూ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న బొమ్మను ముందు తీరిగ్గా చూడండి. నేను ఒక నిమిషం మాట్లాడను.

చూశారు కదా. ఒక యువతి తల కాస్త వంచి, నడుము దాకా జారిన జుట్టును ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో దువ్వుకుంటోంది. వెనక గది లేదు, కిటికీ లేదు, వెండిపొడి రాసినట్లు మెరిసే బూడిదరంగు నేపథ్యం మాత్రమే ఉంది. ఆ మెరుపు అభ్రకం పొడిది. ఇది 1920లో హషిగుచి గోయో ప్రచురించిన కొయ్యచ్చు చిత్రం. మీలో కంప్యూటర్ రంగంలో ఉన్నవాళ్లకు ఎక్కడో చూసినట్లు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. 1984లో యాపిల్ సంస్థ మాకింతోష్‌ను విడుదల చేసినప్పుడు, అందులో ఎంత చక్కని బొమ్మలు గీయవచ్చో చూపడానికి ఆ సంస్థ డిజైనర్ సూసన్ కేర్ ఈ చిత్రాన్నే నలుపు తెలుపు చుక్కల్లోకి మార్చారు. స్టీవ్ జాబ్స్ ఇలాంటి జపాన్ ప్రింట్లను ప్రేమతో సేకరించేవారు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఈమె ఎవరు? బొమ్మ మీద చిత్రకారుడి సంతకం ఉంది, ముద్ర ఉంది. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. శీర్షిక కూడా ఆమె గురించి కాదు, ఆమె చేస్తున్న పని గురించే: జుట్టు దువ్వుకోవడం. ఈరోజు నేను చెప్పదలచుకున్న మాటలన్నీ ఈ లేని పేరు చుట్టూ, ఈ ఉన్న జుట్టు చుట్టూ తిరుగుతాయి. పాత జపాన్ అందగత్తెల చిత్రాల్లో స్త్రీకి పేరుండేది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ సంప్రదాయాన్ని తిరిగి నిలబెట్టినప్పుడు పేరు జారిపోయి, దాని చోట ఒక క్షణం వచ్చి కూర్చుంది. అందులో లాభం ఎంత, నష్టం ఎంత అన్నది బొమ్మలను దగ్గరగా చూస్తేనే తేలుతుంది.

ముందు పాతవాటి దగ్గరికి వెళ్దాం. ఎదో నగరం, అంటే నేటి టోక్యో. 1765 ప్రాంతంలో సుజుకి హరునోబు చేతుల్లో పూర్తి రంగుల ప్రింటు రూపుదిద్దుకుంది. అక్కడి నుంచి పాతికేళ్లకు కితగవా ఉతమారో అనే మహా చిత్రకారుడు, త్సుతయా జూజబురో అనే సాహసి అయిన ప్రచురణకర్త కలిశారు. అంతవరకు అందగత్తెలను నిలువెత్తున గీసేవారు. ఉతమారో వారిని తల, భుజాల వరకు దగ్గరికి తెచ్చి కాగితం నిండా నిలబెట్టారు. ఆయన గీసిన స్త్రీలందరూ ఒకేలా ఉంటారని తొలిచూపులో అనిపిస్తుంది. కాసేపు ఆగి చూస్తే ఒకరి ముక్కు కొంచెం వంపుగా, మరొకరి బుగ్గ కొంచెం నిండుగా కనిపిస్తుంది. 1793 ప్రాంతంలో ఆయన గీసిన ముగ్గురు అందగత్తెలు నిజంగా బతికిన మనుషులు. నానివాయ ఒకిత, తకషిమ ఒహిస ఇద్దరూ టీ అంగళ్ల అమ్మాయిలు. మూడో ఆమె తొమిమోతో తొయొహిన, గానానికి పేరు పొందిన గెయిషా. ప్రింటు బయటికి వచ్చాక ఆ టీ అంగళ్ల ముందు జనం గుమిగూడేవారు.

ప్రభుత్వానికి ఇది నచ్చలేదు. వేశ్యావాటికకు చెందని మామూలు స్త్రీల పేర్లు ప్రింట్ల మీద వేయకూడదని 1793లో ఆంక్ష పెట్టింది. ఉతమారో ఏం చేశారో చూడండి. పేరు రాయడం మానేసి, బొమ్మ మూలన ఒక చిన్న చతురస్రంలో ఆకుకూర కట్టలు, బాణం, సముద్రం, వరిపొలం గీశారు. ఆ వస్తువుల పేర్లను వరసగా పలికితే 'నానివాయ ఒకిత' అని వస్తుంది! మూడేళ్లకు ఈ పొడుపు బొమ్మలనూ నిషేధించారు. 1800లో తల, భుజాల చిత్రాలనే వద్దన్నారు. 1804లో, చాలాకాలం కిందట చనిపోయిన పాలకుడు హిదెయోషిని చిత్రించినందుకు ఉతమారో చేతులకు సంకెళ్లు వేశారు. రెండేళ్లకు ఆయన కన్నుమూశారు. ఒక టీ అంగడి అమ్మాయి పేరును కాగితం మీద నిలపడానికి ఇంత పోరాటం జరిగిందని నేను ఎప్పుడూ మరిచిపోలేను.

ఇక ఉతమారో చిత్రాల్లో జుట్టు. అది నూనె పెట్టి, పైకెత్తి, దువ్వెనలూ పిన్నులూ గుచ్చి కట్టిన కట్టడం. చెవుల పక్కన జుట్టు విసనకర్రలా రెండు వైపులా విచ్చుకొని ఉంటుంది, ఆ సన్నని పొర గుండా వెనకనున్నది కనిపిస్తుంది. ఆ పారదర్శకతను కొయ్యలో చెక్కి తెచ్చారు. ఎలా అన్నది ఇప్పుడే చెబుతాను, ఎందుకంటే ఈ కళ మొత్తంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది అదే.

చిత్రకారుడు పలచని కాగితం మీద గీసిన గీతల బొమ్మను అడవి చెర్రీ చెక్క పలక మీద బోర్లా అంటిస్తారు. కాగితం వెనక పొరను వేలితో రుద్ది తీసేస్తే గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడు చెక్కే మనిషి కత్తి పడతాడు. గీతకు అటూ ఇటూ కోసి, మిగతా చెక్కనంతా తీసేస్తాడు. గీత ఉన్నచోట చెక్క ఎత్తుగా మిగులుతుంది. అంటే వెంట్రుకను చెక్కడమంటే వెంట్రుకను వదిలేసి దాని చుట్టూ ఉన్న ఖాళీని చెక్కడం. నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే చోట మిల్లీమీటరులో చిన్న భాగమంత సన్నని చెక్క గోడలు పదుల కొద్దీ నిలబడి ఉంటాయి. ఒక్కటి విరిగితే నుదుట గాటు పడుతుంది. పైగా చాలాసార్లు చిత్రకారుడు ఆ వెంట్రుకలను విడివిడిగా గీయడు. ఇక్కడ జుట్టు మొదలవుతుందని నాలుగు గీతలు సూచించి వదిలేస్తాడు. ఎన్ని వెంట్రుకలు, ఎటు వంగాలి, ఎక్కడ సన్నబడి అంతం కావాలి అన్నది చెక్కే మనిషి చేతికి తెలియాలి. అందుకే పనిచోట తలను, ముఖాన్ని చెక్కే పెద్ద పనివాడు వేరు, బట్టలూ నేపథ్యమూ చెక్కేవాళ్లు వేరు. ఏళ్ల తరబడి బట్టల మడతలు చెక్కాకే వెంట్రుకల దగ్గరికి రానిచ్చేవారు.

తర్వాత రంగు. ఒక్కో రంగుకు ఒక్కో పలక. అన్ని పలకల మీదా ఒకేచోట రెండు గుర్తులు చెక్కి ఉంటాయి, ఒకటి మూలకు, ఒకటి అంచుకు. కాగితాన్ని ఆ గుర్తులకు ఆనించి పెడితే ప్రతి రంగూ తన చోటే పడుతుంది. మన పెడనలో కలంకారీ అద్దకందారు టేకు అచ్చును రంగులో ముంచి బట్ట మీద వేస్తాడు కదా, ఇక్కడ వరస తిరగబడుతుంది. పలకే కింద ఉంటుంది. నీటిరంగును కొంచెం బియ్యపు జిగురుతో కలిపి బురుసుతో పలక మీద రాస్తారు. తేమగా ఉన్న కాగితాన్ని దాని మీద పరిచి, వెదురు పొరలతో చేసిన గుండ్రని బిళ్లతో వీపు మీద రుద్దుతారు. ఆ బిళ్లను బారెన్ అంటారు. కాగితం కూడా సామాన్యమైనది కాదు, మల్బరీ జాతి చెట్టు నారతో చేసింది. ఇరవై, ముప్పైసార్లు రుద్దినా చిరగదు.

చిత్రకారుడు, చెక్కేవాడు, అచ్చు వేసేవాడు, పెట్టుబడి పెట్టి అందరినీ నడిపే ప్రచురణకర్త. ఈ నలుగురూ లేకపోతే ఉతమారో లేడు.

1868లో మెయిజీ యుగం మొదలయ్యాక ఈ ఏర్పాటు కూలిపోయింది. ఫొటోలు, లిథో ముద్రణ, వార్తాపత్రికలు వచ్చాయి. చెక్కే చేతులకు పని తగ్గింది. దాని గురించి ఎక్కువ చెప్పను, ఆ కథ అన్ని దేశాల చేతిపనులదీ.

జపాన్‌లో దాన్ని మలుపు తిప్పిన మనిషి వతనబె షోజబురో. 1885లో పుట్టారు. యువకుడిగా, పాత ప్రింట్లను విదేశాలకు ఎగుమతి చేసే దుకాణంలో పనిచేశారు. విదేశీయులు జపాన్ పాత ప్రింట్లకు ఎంత డబ్బు పెడుతున్నారో అక్కడ చూశారు. పాతవాటిని కొనడం, అమ్మడం సరే, కొత్తవాటిని ఎందుకు చేయకూడదు? పని లేక మిగిలిన చెక్కేవాళ్లను, అచ్చు వేసేవాళ్లను చేరదీసి, 1915 నుంచి కొత్త చిత్రకారులతో ప్రింట్లు వేయించడం మొదలుపెట్టారు. దీన్నే షిన్‌హంగా అన్నారు, కొత్త ప్రింట్లు. మొట్టమొదట పనిచేసినవారిలో ఫ్రిట్జ్ కాపెలారీ అనే ఆస్ట్రియా దేశస్థుడు ఉన్నాడు. ఆ వెంటనే అదే ఏడాది గోయో.

గోయో మనకు తెరమీద కనిపించిన యువతిని గీసినవారే. కగోషిమాలో పుట్టి, టోక్యో లలితకళల పాఠశాలలో పాశ్చాత్య తైలవర్ణ చిత్రణ నేర్చుకున్నారు. నవలాకారుడు నత్సుమె సోసెకి పుస్తకాలకు అలంకరణ చేశారు. 1911లో మిత్సుకోషి దుకాణం పెట్టిన పోస్టరు పోటీలో గెలిచి పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఉతమారో మీద మోహంలో పడ్డారు. పాత ప్రింట్లను సేకరించారు, వాటి గురించి రాశారు, అచ్చంగా వాటిలాగే పునర్ముద్రణలు చేయించే పనిని పర్యవేక్షించారు. ఆ చదువంతా అయ్యాక సొంత బొమ్మ వేశారు. వతనబెతో చేసిన తొలి ప్రింటు స్నానం చేస్తున్న స్త్రీ. ముద్రణ నాణ్యత ఆయనకు తృప్తినివ్వలేదు. విడిపోయి, 1918 నుంచి తానే చెక్కేవాళ్లనూ ముద్రాపకులనూ పెట్టుకొని తన ఇంటి నుంచే ప్రచురించారు. తలకు చేరిన చెవి వ్యాధితో 1921 ఫిబ్రవరిలో, నలభై ఏళ్లకే పోయారు. బతికుండగా పూర్తిచేసిన ప్రింట్లు పద్నాలుగు మాత్రమే. అవి చాలు ఆయనకు.

ఇప్పుడు ఆ దువ్వుకునే యువతి దగ్గరికి మళ్లీ వద్దాం. ఉతమారో స్త్రీ జుట్టు కట్టడం అన్నాను. ఇక్కడ ఆ కట్టడాన్ని విప్పేశారు. ముడి లేదు, పిన్నులు లేవు. గోయో జీవించి ఉన్న మనిషిని ఎదుట కూర్చోబెట్టి పెన్సిలుతో ఎన్నో సార్లు గీసుకున్నవారు. భుజం బరువు, మెడ తిరిగే తీరు ఆయనకు పాశ్చాత్య శిక్షణ నుంచి వచ్చాయి. గీత మాత్రం ఉతమారోది: ఎక్కడా నీడ వేయకుండా, ఒకే సన్నని రేఖతో చేయి గుండ్రంగా ఉందని చెప్పేస్తుంది. జుట్టులోకి చూడండి. పైన ఒకే నల్లని ముద్దగా మొదలై, దువ్వెన పళ్లు తగిలిన చోట పాయలుగా విడి, చివరకు విడివిడి వెంట్రుకలవుతుంది. నిజమైన ప్రింటును వెలుతురులో వంచితే ఆ నలుపులోనే రెండు నలుపులు కనిపిస్తాయి, ఒకటి మెరుస్తుంది, ఒకటి మెరవదు. నలుపు మీద నలుపు వేశారన్నమాట. ఫొటోలో ఇది రాదు.

ఇక ఆమె ఎవరు? గోయో చిత్రాలను పరిశోధించినవారు కొదైరా తోమి అనే యువతి పేరు చెబుతారు. ప్రింటు మీద లేదు. ఉతమారో ఆకుకూర కట్టలు గీసి మరీ పేరు దాచి చూపారు. గోయోను ఆపినవారు ఎవరూ లేరు, అయినా పేరు వేయలేదు. ఆయనకు కావలసింది ఆమె ప్రసిద్ధి కాదు, ఆ పొద్దు, ఆ చేయి కదలిక.

ఇతో షిన్‌సుయి విషయంలోనూ ఇదే జరిగింది. టోక్యోలో 1898లో పుట్టారు. ఇల్లు చితికిపోవడంతో బడి మానేసి ముద్రణ సంస్థలో కూలికి చేరారు. పదమూడేళ్ల వయసులో కబురాగి కియోకత దగ్గర శిష్యుడయ్యారు. ఈ గురుశిష్య పరంపర ఎంత ముచ్చటైనదో చూడండి: కునియోషి శిష్యుడు యోషితోషి, ఆయన శిష్యుడు తోషికత, ఆయన శిష్యుడు కియోకత, ఆయన శిష్యుడు షిన్‌సుయి. ఉకియోయె, అంటే ఎదో కాలపు పాత చిత్రకళ, దాని నుంచి నేరుగా దిగివచ్చిన గొలుసు అది, ఎక్కడా తెగలేదు. ఒక ప్రదర్శనలో ఈ కుర్రాడి చిత్రం చూసి వతనబె ప్రింటు వేద్దామన్నారు. 1916లో వచ్చింది 'అద్దం ముందు'. అప్పటికి షిన్‌సుయికి పద్దెనిమిదేళ్లు. రక్తంలా ఎర్రని వస్త్రంలో ఒక స్త్రీ. ఆ ఎరుపు ఒక్కసారి అద్దితే రాదు, పొర మీద పొర వేశారు. అద్దం ముందు అంటారు గాని బొమ్మలో అద్దమే లేదు. ఆమె చూపును బట్టి అద్దాన్ని మనమే ఊహించుకోవాలి. వెనక నేపథ్యంలో బారెన్ తిరిగిన సుడులు కావాలనే కనిపించేలా వదిలారు. పాత ముద్రాపకుడు ఆ గుర్తు పడకుండా జాగ్రత్తపడేవాడు. ఇక్కడ ముద్రాపకుడి చేయి తిరిగిన జాడే బొమ్మకు గాలి అయింది. షిన్‌హంగాలో నాకు నిజంగా కొత్తగా తోచే సంగతుల్లో ఇది మొదటిది.

మన సాహిత్యం చదివినవాళ్లకు ఇక్కడ అష్టవిధ నాయికలు గుర్తుకొస్తారు. వాసకసజ్జిక అలంకరించుకుంటుంది, ఎవరికోసం? నాయకుడి కోసం. విరహోత్కంఠిత ఎదురుచూస్తుంది, ఖండిత కోపగిస్తుంది, అందరి కథలోనూ ఒక మగవాడు ఉన్నాడు, తలుపు అవతల. ఉతమారో కూడా స్త్రీ స్వభావాలను పది రకాలుగా విభజించి చిత్రమాల గీశారు. అది కూడా చూసే మగవాడి వర్గీకరణే. కాని షిన్‌సుయి అద్దం ముందు స్త్రీ, గోయో దువ్వుకునే స్త్రీ ఎవరికోసం ఎదురుచూస్తున్నారు? నాకు ఎవరూ కనిపించరు. ఆమె తన జుట్టు తాను దువ్వుకుంటోంది, అంతే. నాయకుడిని బొమ్మ నుంచే కాదు, బొమ్మ వెనకనున్న కథ నుంచి కూడా తీసేశారు. పేరు పోగొట్టుకున్న స్త్రీకి దక్కిన లాభం ఇదని నా అభిప్రాయం: తనతో తాను ఉండే కాసేపు.

అందరూ ఇలా చూడలేదు. 1930లో తోరీ కొతోందో ఒక ప్రింటు వేశారు. ఆయన కబుకీ అనే సంప్రదాయ నాటకాల శాలలకు ప్రకటనలు తరతరాలుగా గీసిన తోరీ వంశ పరంపరలో ఎనిమిదోవారయ్యారు. ప్రింటు పేరు 'ఉదయపు జుట్టు'. అప్పుడే నిద్రలేచిన స్త్రీ, చెదిరిన కురులు, అంతకుమించి ఏమీ లేదు. ఒంటి మీద బట్ట ఉంది. అయినా అధికారులు ఇది మర్యాద కాదని ఆపేసి, అమ్ముడుపోని ప్రతులను నాశనం చేయించారు. ఉతమారో కాలంలో పేరు చూసి భయపడ్డ ప్రభుత్వం, నూట ముప్పై ఏళ్ల తర్వాత చెదిరిన జుట్టు చూసి భయపడింది. చెక్కిన మనిషి ఎంత బాగా చెక్కాడో దీన్నిబట్టే తెలుస్తోంది.

నష్టం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 1911లోనే టోక్యోలో హిరత్సుకా రైచో, ఆమె స్నేహితురాళ్లు 'సెయితో' అనే స్త్రీల పత్రిక నడిపారు. స్త్రీలు టెలిఫోన్ కార్యాలయాల్లో, దుకాణాల్లో, మిల్లుల్లో పనిచేస్తున్నారు. షిన్‌హంగా అందగత్తెల ఇళ్లలో టెలిఫోనే మోగదు. కిమోనో, గొడుగు, మంచు, మిణుగురులు, స్నానం. ఎందుకంటే కొనేవాళ్లలో చాలామంది విదేశీయులు, ముఖ్యంగా అమెరికన్లు. 1930లోనూ 1936లోనూ ఒహాయో రాష్ట్రంలోని టొలిడో మ్యూజియంలో జరిగిన పెద్ద ప్రదర్శనలు ఈ ప్రింట్లకు అక్కడ పేరు తెచ్చాయి. వాళ్లు కోరుకున్న జపాన్‌ను వీళ్లు చెక్కి ఇచ్చారు. ఇంత నైపుణ్యం కళ్లెదుట మారిపోతున్న స్త్రీని చూడటానికి తక్కువగా ఉపయోగపడిందే అని నాకు బాధ కలుగుతుంది. గీసినవాళ్లు, చెక్కినవాళ్లు, అచ్చు వేసినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. అదే కాలంలో ఉఎమురా షోఎన్ అనే మహిళ కుంచెతో స్త్రీలను అద్భుతంగా చిత్రించి, 1948లో జపాన్ సంస్కృతి పురస్కారం పొందిన తొలి మహిళ అయ్యారు. కాని ఆమె లోకం పట్టు మీద వర్ణచిత్రం, కొయ్యచ్చు కాదు.

ఒక మినహాయింపు చూపిస్తాను. కొబయకవ కియోషి అనే చిత్రకారుడు 1930లో వేసిన ప్రింటు ఇది. ఈమె జుట్టు చూడండి: కత్తిరించి, అలలుగా తిప్పింది. వేళ్ల మధ్య సిగరెట్టు, ముందు మద్యం గ్లాసు, కళ్లలో కొంచెం మత్తు. అద్దంలోకి చూడటం లేదు, మనవైపే చూస్తోంది. అప్పట్లో ఇలాంటి అమ్మాయిలను 'మోగా', అంటే మోడర్న్ గర్ల్, అనేవారు. ఆ పొట్టి జుట్టు చివర వెంట్రుకలను చెక్కిన పద్ధతి మాత్రం ఉతమారో నాటిదే. ఇలాంటివి ఇంకా ఎన్నో వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

1923 సెప్టెంబరు 1 నాటి మహా భూకంపంలో, తర్వాతి అగ్నిప్రమాదాల్లో వతనబె దుకాణం, పలకలు, నిల్వ ప్రింట్లు బూడిదయ్యాయి. గోయో పలకలూ చాలావరకు పోయాయి. అందుకే భూకంపానికి ముందటి ప్రతులకు అంత విలువ. వతనబె మళ్లీ మొదలుపెట్టారు. 1962లో ఆయన పోయాక కూడా సంస్థ వారసుల చేతుల్లో టోక్యోలో నడుస్తూ వచ్చింది. 1952లో షిన్‌సుయి కొయ్యచ్చు కళను కాపాడవలసిన సంపదగా జపాన్ ప్రభుత్వం గుర్తించింది. చెక్కడం, అచ్చు వేయడం నేర్పే అదాచి సంస్థ టోక్యోలో ఇప్పటికీ యువకులను తయారుచేస్తోంది, వారిలో అమ్మాయిలూ ఉన్నారు. ఒకప్పుడు బొమ్మలో మాత్రమే ఉన్నవాళ్లు ఇప్పుడు బారెన్ పట్టుకున్నారు.

నా మాటలు ఇంతటితో ముగిస్తాను. పక్క బల్ల మీద మూడు ప్రింట్లు పెట్టాం, పాత పలకల నమూనాలో తర్వాతి కాలంలో వేసిన పునర్ముద్రణలు అవి. చేతులు పొడిగా ఉన్నవాళ్లు అంచులు పట్టుకొని ఎత్తి చూడవచ్చు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి ముందు నుదుటి దగ్గర వెంట్రుకలు చూడండి, తర్వాత తిప్పి కాగితం వీపు చూడండి, రంగు అటువైపు దాకా దిగిన చోట్లు తెలుస్తాయి. ఒకదాని ఎడమ అంచున చిన్న ముద్రలున్నాయి, అవి చెక్కినవారివి, అచ్చు వేసినవారివి. ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.